గరాటాలో మూడు పసుపు గింజలు

నన్ను ఎవరూ అడగలేదు. పదకొండేళ్లుగా తిరుపతిలో నా కారు గురించి నవ్వుకోని టీ అంగడి లేదు. కానీ ఆ కారును రెండేళ్లపాటు బోల్టు బోల్టుగా విప్పి బిగించిన నన్ను మాత్రం, అసలేం జరిగిందయ్యా అని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. పోయిన నెల మా హైస్కూలు వార్షికోత్సవ సంచికలో ఎవరో ఊరి ముచ్చట్లు రాశారు. అందులో నా వంతుకు ఒక వాక్యం దక్కింది: మన సైన్సు మాస్టరుగారు పాత పందెపు కారుకు రైలు స్ప్రింగు వేయించి, మొదటి రోజే కంకర కుప్ప ఎక్కించిన వైనం తలచుకుంటే ఇప్పటికీ నవ్వాగదు.

ఆ సంచిక తయారవుతున్నప్పుడు నేను పక్క గదిలోనే తొమ్మిదో తరగతికి పాఠం చెబుతున్నాను. వచ్చి అడగాలంటే పదడుగులు నడవాలి. నడవలేదు. సంచిక చూసుకున్న మాస్టరుకు ఉత్తరం రాసి చేతికిచ్చాను. మడిచి జేబులో పెట్టుకున్నాడు. మరునాడు అదే చొక్కా వేసుకొచ్చాడు, అదే జేబులో ఆ ఉత్తరం అట్లాగే కనిపించింది. విప్పలేదన్నమాట.

నన్ను చూసి నవ్వితే నవ్వనీ. రైలు స్ప్రింగు అన్నది మాత్రం అబద్ధం. ఆ అబద్ధం కింద పడి నలిగింది నేను కాదు, పాకాల మేస్త్రి. అది పుట్టింది టీ అంగట్లో కాదు. మా ఇంట్లో, మా అన్న నోట. అందుకే ఇది రాస్తున్నాను. అన్న చదివేదాకా రాస్తాను.

కారు నాకు పలమనేరులో దొరికింది. పరీక్షల డ్యూటీ మీద వెళ్లి పది రోజులున్నాను. పొద్దున్నే చలిగా ఉండేది. నడుద్దామని పోతే ఊరి బయట పాలవ్యాపారం చేసే ఒక రైతు కొట్టంలో ఎనుముల వెనకాల ఒక పొడవాటి ముక్కు కనిపించింది. దగ్గరికి వెళ్లి చూస్తే రెండు తలుపులు, రెండు సీట్లు, నేలకు ఆనుకున్నట్టు పొట్టి ఒళ్లు. ముందు బంపరుకు దూడను కట్టేశారు. సీట్ల మీద కోళ్లు పొదుగుతున్నాయి.

“ఎవరో దొర బెంగుళూరు నుంచి మద్రాసుకు పోతా పోతా ఈడ చెడిపోతే వదిలిపెట్టినాడంట. మా నాయన కాలం మాట” అన్నాడు రైతు. “అది కారు కాదప్పా, కోళ్ల గూడు.”

“నాకిస్తావా?”

“తీసుకోని ఏం చేస్తావు?”

“నడుపుతా.”

ఆయన నవ్విన నవ్వుకు ఒక పెట్ట లేచి కిటికీలోంచి దూకింది. “నాలుగు పెట్టలు గుడ్ల మీద ఉండాయి. పిల్లలయ్యేదాకా ఆగు. కోళ్లకు ఇంకో గూడు కట్టించు. ఆమీన తోలుకోని పో, నేనేమన్నా పట్టుకుంటానా.”

మూడు వారాలు ఆగాను. గూడు కట్టించాను. తిరుపతికి ఖాళీగా తిరిగి వస్తున్న లారీలో గడ్డి పరిచి దాన్ని ఎక్కించి తెచ్చాను. లారీ మా ఇంటి ముందు ఆగగానే మా అన్న వసారాలోకి వచ్చి నిలబడ్డాడు.

“ఏరా, ఇనప సామాన్లోడు ఇల్లు తప్పి వచ్చినాడా?”

“నాదేనన్నా.”

“నీదా? పెండ వాసన కొడతా ఉండాది. గుడికి పోయే ఇల్లురా ఇది.”

మాది వైష్ణవ కుటుంబం. వీధి చివర చిన్న గుడిలో కైంకర్యం తాతల నాటి నుంచి మాదే. నాయన బళ్లో సంస్కృతం చెప్పి రిటైరయ్యాడు. అన్న నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. పొద్దున గుడిలో అర్చన చేసి, బట్టలు మార్చుకుని ఆఫీసుకు వెళ్లేవాడు. మడి, ముహూర్తం, ఎవరు ఎక్కడ నిలబడాలి, ఇవన్నీ ఆయనకు కొట్టిన పిండి. మా ఇంట్లో అన్న ఒక మాట అన్నాక దాని మీద ఇంకొకరు మాట్లాడే అలవాటు లేదు. నాకు ఉండేది. అందుకే నాకు మొండివాడని పేరు.

ఇంటి పక్క రేకుల షెడ్డులో పెట్టి మొదట రంగు గోకాను. పైన నలుపు, దాని కింద బూడిద రంగు. ఇంకా గోకితే ముదురు ఆకుపచ్చ వచ్చింది. తలుపు మీద ఆకుపచ్చలో ఒక తెల్లటి గుండ్రం బయటపడింది. అందులో అంకె ఉండేదని తెలుస్తోంది కానీ ఏ అంకో తెలియడం లేదు. మద్రాసు దగ్గర పాత విమానాల మైదానంలో కార్ల పందేలు జరుగుతాయని విని ఉన్నాను. ఆ గుండ్రాన్ని వేళ్లతో తడిమినప్పుడు నాకు ఒకటే అనిపించింది. పరుగెత్తడానికి పుట్టిన బండి మీద కోళ్లు పొదిగాయి. ఇది మళ్లీ పరుగెత్తాలి. ఉన్నదాన్ని ఉన్నట్టు నిలబెట్టడం కూడా కాదు, మొదట్లో కంటే గట్టిగా పరుగెత్తాలి.

ఒంటి చేత్తో అయ్యే పని కాదు. అప్పుడు దొరికినవాడే పాకాల మేస్త్రి. పాకాల జంక్షనులో రైలింజన్ల దగ్గర ఫిట్టరు. మా స్కూలు నీళ్ల మోటారు మూడుసార్లు చెడిపోతే మూడోసారి బాగుచేసి, మళ్లీ చెడిపోకుండా చేసింది ఆయనే. సెలవు రోజుల్లో టాక్సీలు, జీపులు కూడా చూసేవాడు. క్రైస్తవుడు. ఆదివారం పొద్దున ప్రార్థన ముగించుకుని పాసింజరు బండి ఎక్కి తిరుపతికి వచ్చేవాడు. సాయంత్రం బండికి వెళ్లిపోయేవాడు. రెండేళ్లలో ఆయన రాని ఆదివారాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మొదటి రోజు ఇంజను చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్టు మీద చేయి పెట్టి, “దీన్ని పొడుకోబెట్టినారు సామీ. సంపలేదు” అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆయన్ను నమ్మాను.

ఆయనకు ఒక పద్ధతి ఉండేది. ఇంజనులో ఏ నోరు తెరిచినా అందులోకి ఏమీ పడకుండా గుడ్డ కట్టేవాడు. కట్టినప్పుడల్లా షెడ్డు గోడ మీద సుద్దముక్కతో ఒక గీత గీసేవాడు. గుడ్డ తీసినప్పుడు ఆ గీతను బొటనవేలితో తుడిచేవాడు. ఎవరు గుడ్డ తీస్తే వాళ్లే గీత తుడవాలి. ఇంజను కదిలించే ముందు గోడ చూడాలి. గోడ మీద గీత ఉంటే ఇంజను ముట్టుకోకూడదు.

“గుర్తుంటాది కదా మేస్త్రీ, గీత ఎందుకు?” అన్నాను ఒకసారి.

“రైలింజన్లో గుడ్డ మరిస్తే ఊరంతా ఆగిపోతాది సామీ. మతిని నమ్మకూడదు. గోడను నమ్మాల.”

షెడ్డు కిటికీలో ఆయన కోసం ఒక గ్లాసు విడిగా ఉండేది. మా ఇంటివాళ్లు పైనుంచి కాఫీ పోసేవాళ్లు. ఆయన తాగి, కడిగి, ఆ కిటికీలోనే బోర్లించేవాడు. ఆ గ్లాసు గురించి రెండేళ్లలో నేను ఒక్క మాట అనలేదు. ఇతరుల తప్పులు రాయడానికి కూర్చున్నాను కనుక ఇది కూడా రాస్తున్నాను.

పని ఎట్లా జరిగిందో చెప్పమంటే తెల్లార్లూ చెప్పగలను, కానీ అడిగినవాడు లేడు. కొంచెం చెబుతాను. తుప్పు తిన్న అడుగు రేకు కోసేసి నూనె డబ్బాల రేకు అతికించి చూశాం. నిలవలేదు. మళ్లీ మందపు రేకు తెచ్చి చేశాం. పిస్టన్లు దొరకలేదు. వేరే బండి పిస్టన్లు తెచ్చి చిత్తూరులో లేతు పట్టించాం. ఇంజను పైమూతను, అంటే హెడ్డును, కూడా అక్కడే వెంట్రుకవాసి గీయించాం. లోపల గాలి ఇంకా గట్టిగా నొక్కుకుంటే బలం పెరుగుతుంది. గాలి పోయే దారుల్ని వెదురు పుల్లకు గరుకు కాగితం చుట్టి నునుపు చేశాను. ఆరు నెలలు పట్టింది. బళ్లో ఖాళీ గంట దొరికితే చాలు ఆ హెడ్డు నా బల్ల మీద ఉండేది. తోటి మాస్టర్లు దాన్ని నా రెండో సంసారమనేవాళ్లు.

మద్రాసులో పాత సామాన్ల వీధిలో గాలినీ పెట్రోలునూ కలిపే పెద్ద కార్బురేటరు ఒకటి దొరికింది. రెండు నోళ్లు. గాలి పైనుంచి కిందికి దిగే రకం. దాని మీద గాలి వడగట్టే డబ్బా పెడితే ఊపిరి ఆడదని, డబ్బా తీసేసి రెండు గరాటాలు పెట్టాలనుకున్నాం. పాత్రలు చేసే కంచరి దగ్గరికి వెళ్లి అల్యూమినియంతో చేయించాను.

“ఇవి దేనికి మాస్టారూ, పాలు పోసేదానికా?” అన్నాడు కంచరి.

“గాలి పోసేదానికి.”

“గాలికి గరాటా అడిగినోణ్ని ఇప్పుడే సూస్తా ఉండా” అని నవ్వాడు కానీ, అద్దంలాగా చేసి ఇచ్చాడు. బిగించాక ఆ రెండూ ఆకాశం వైపు నోరు తెరుచుకుని నిలబడ్డాయి. ఇంజను తిప్పితే ఆ నోళ్లలోంచి వచ్చే ఊపిరి చప్పుడు వినడానికి వీధి వీధంతా వచ్చింది. నాయన కూడా చేతికర్ర ఆనించుకుని వచ్చి నిలబడి, “సింహం ఆవలించినట్లుండాదిరా” అన్నాడు.

యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే వేగాన్ని వెనక్కి లాగే చిన్న స్ప్రింగు ఒకటి ఉంటుంది. అదే ఈ ఊళ్లో పేరుపడిన రైలు స్ప్రింగు. దాన్ని చిత్తూరులో మోటారు సామాన్ల అంగట్లో నా చేతులతో నేను ఏరుకుని తెచ్చాను. మేస్త్రి తేలేదు. రైలుకూ దానికీ ఏ సంబంధమూ లేదు. వేలెడంత స్ప్రింగు రైలింజన్లో ఏ మూలకు సరిపోతుందో అన్నవాళ్లు వచ్చి చూపించాలి.

బండి సిద్ధమైంది. మొదట నేనూ మేస్త్రీ కలిసి వడమాలపేట దాకా పోయి రావాలని మా ఆలోచన. రోడ్డు తిన్నగా ఉంటుంది. ఆయన పక్కన కూర్చుని చెవితో ఇంజను వింటాడు, నేను నడుపుతాను. ఈ మాట ఇంట్లో చెప్పాను. అదే నేను చేసిన మొదటి పొరపాటు.

“పూజ లేకుండా బండి గేటు దాటేదేంది?” అన్నాడు అన్న. “మొదటి సవారీలో పెద్దాయన కూర్చోవాల. నాయన కూర్చుంటాడు.”

“సీట్లు రెండే అన్నా. మేస్త్రి పక్కన ఉండాల.”

“వాడు రేపు కూర్చుంటాడులే.”

పంచాంగం చూసి గురువారం పెట్టాడు. మేస్త్రి పనికి సెలవు పెట్టుకుని తెల్లవారి బండికి వచ్చాడు. వచ్చీ రాగానే ఇంజను ఒకసారి తిప్పి విని, ఆపి, రెండు గరాటాలనూ కలిపి ఒక పాత లుంగీ ముక్కతో కప్పి దారంతో కట్టాడు. గోడ మీద ఒక గీత గీశాడు. నేను చూస్తూనే ఉన్నాను.

అన్న గుడి నుంచి మడితో వచ్చాడు. పళ్లెంలో కొబ్బరికాయ, కర్పూరం, నిమ్మకాయలు, అక్షతలు. బానెట్టు తెరిచే ఉంది. “కర్పూరం దూరంగా వెలిగించన్నా, పెట్రోలుండాది” అన్నాను. సరేనన్నాడు. కర్పూరం గురించి చెప్పాను. అక్షతల గురించి చెప్పలేదు. నాలుగు బియ్యపు గింజల వల్ల ప్రమాదమని ఏ మనిషికి తోస్తుంది? పుట్టినప్పటి నుంచి అవి తల మీద పడుతూనే ఉన్నాయి.

నాయన్ను తీసుకురావడానికి లోపలికి వెళుతూ మెట్లు ఎక్కుతున్నాను. వెనక మాటలు వినపడ్డాయి.

“నువ్వు గేటు అవతల నిలబడప్పా. పూజ అయినాక పిలుస్తా.” ఇది అన్న గొంతు.

“అట్లే సామీ. ఆ గుడ్డ మాత్రం…”

“తెలుసులే, పో.”

ఇది నా చెవులతో విన్నాను. కోర్టులో చెప్పమన్నా చెబుతాను.

నాయన పంచె మార్చుకుని, పొడుం డబ్బా వెతుక్కుని, బయటికి రావడానికి పది నిమిషాలు పట్టింది. మేం వచ్చేసరికి బానెట్టు మూసేసి ఉంది. ఆకుపచ్చ రంగు మీద తెల్లగా, ఎర్రగా తిరునామం దిద్ది ఉంది. చక్రాల కింద నిమ్మకాయలున్నాయి. “ముహూర్తం దాటిపోతా ఉండాది, ఎక్కండి, ఎక్కండి” అని అన్న తొందర పెట్టాడు. బానెట్టు మూసి ఉందంటే మేస్త్రి గుడ్డ తీసి మూసి ఉంటాడనుకున్నాను. గోడ వైపు తల తిప్పలేదు. ఆ తల ఒక్కసారి తిప్పి ఉంటే ఈ పదకొండేళ్లు ఇట్లా ఉండేవి కావు. ఆ మాట నాకు ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు.

గేటు దాటుతుంటే మేస్త్రి రెండు చేతులూ పైకెత్తి ఊపుతూ ఏదో అరిచాడు. ఇంజను మోతలో వినపడలేదు. సంతోషం పట్టలేక అరుస్తున్నాడనుకుని నేను కూడా చెయ్యి ఊపాను.

రేణిగుంట దాటాక రోడ్డు ఖాళీ. నాయన ఒక చేత్తో తలుపు పట్టుకున్నాడు, ఇంకో చేత్తో తలపాగా పట్టుకున్నాడు. వేగం పెంచాను. ఆ బండి ఏం చేసిందో మాటల్లో పెట్టలేను. కాలు నొక్కితే వీపు సీటుకు అంటుకుపోయింది. పక్కన చెరుకు తోటలు ఒకే పచ్చగీతలాగా వెనక్కి పోయాయి. నాయన నవ్వుతున్నాడు. ఆయన నోరారా నవ్వడం నేను అదే మొదటిసారి చూడటం. మేమిద్దరం చేసిన ప్రతి పనీ, గీసిన ప్రతి వెంట్రుకవాసీ, సరైనదేనని ఆ కాసేపు రోడ్డే చెప్పింది.

వడమాలపేటకు ఇవతల రైలు గేటు పడి ఉంది. దూరం నుంచే చూసి కాలు తీశాను. వేగం తగ్గలేదు.

కాలు మళ్లీ నొక్కి తీశాను. తగ్గలేదు. క్లచ్ నొక్కితే ఇంజను కేక పెట్టింది. తాళం తిప్పి ఇంజను ఆపి, బ్రేకు మీద నిలబడ్డాను. గేటు మీదికి వచ్చేస్తోంది. అవతల కూత వినపడింది. స్టీరింగు ఎడమకు కోసేశాను. రోడ్డు పక్క పోసిన కంకర కుప్ప ఎక్కి బండి అడ్డంగా నిలబడింది. నాయన కుడి మణికట్టు విరిగింది. ఆయనేమో తలపాగా ఎగిరిపోయి కంకర మీద పడితే దాని వైపే చూస్తున్నాడు.

గేటుమాను పరిగెత్తుకుంటూ వచ్చాడు. “ఏమప్పా, ఇంత పెద్ద గేటు కనపళ్లేదా? పెద్దాయన్ను పక్కన పెట్టుకోని యాడికి పోతా ఉండావు, వైకుంఠానికా?” అన్నాడు. వెంటనే నాయన చెయ్యి చూసి నోరు మూసుకుని, తన కండువాతోనే కట్టు కట్టాడు. ఆయన పేరు నాకు తెలియదు. ఆయన మేలు మరచిపోలేదు.

ఆసుపత్రి వరండాలో, నాయన చేతికి కట్టు కడుతుండగా, చూడటానికి వచ్చిన పదిమంది ముందు మా అన్న అన్న మాట ఇది: “రైలింజన్లు చూసేవోని చేతికి కారిస్తే ఇంకేమవుతాది? రైలు స్ప్రింగు ఏదో తెచ్చి ఏసి ఉంటాడు. బిగుసుకోని పోయింది.”

మేస్త్రి అక్కడే మెట్ల కింద నిలబడి ఉన్నాడు. “సామీ, స్ప్రింగు సూసినారా? ఊడిందా, ఉండాదా?” అని నన్ను అడిగాడు. నాకేమీ తెలియదు. బండి ఇంకా కంకర మీదే ఉంది. అన్న మెట్ల మీది నుంచే, “ఇంక మా ఇంటి పక్కకు రావద్దప్పా. నీ పని చాలు” అన్నాడు. మేస్త్రి నా ముఖం చూశాడు. నేను ఒక మాట అనాల్సింది. నాయన లోపలి నుంచి మూలుగుతున్నాడని లోపలికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి ఆయన లేడు.

నాలుగు రోజుల తర్వాత బండిని షెడ్డులోకి లాగించి బానెట్టు తీశాను. స్ప్రింగు ఎక్కడ బిగించామో అక్కడే, ఎట్లా బిగించామో అట్లాగే ఉంది. లాగి వదిలితే చురుగ్గా వెనక్కి వచ్చింది. కానీ కార్బురేటరు లోపల గాలి మూసే పలక పూర్తిగా మూసుకోవడం లేదు. విప్పి చూస్తే పలక అంచుకూ గోడకూ మధ్య ఒక పసుపు పచ్చని బియ్యపు గింజ ఇరుక్కుని ఉంది. పైన గరాటా లోపలి గోడకు ఇంకా రెండు గింజలు అంటుకుని ఉన్నాయి. మా ఇంట్లో అక్షతలు నెయ్యి వేసి కలుపుతారు. ఆ నెయ్యితో అంటుకున్నవి, అదురుకు ఒక్కొక్కటిగా జారి ఉంటాయి. చాలావరకు ఇంజను మింగేసి ఉంటుంది. ఒకటి మాత్రం నేను కాలు తీసిన క్షణంలోనే పలక సందులో పడింది.

అప్పుడు తల తిప్పి గోడ చూశాను. సుద్దగీత అట్లాగే ఉంది. ఎవరూ తుడవలేదు.

కిటికీలో, మేస్త్రి గ్లాసు పక్కన, లుంగీ ముక్క ఉంది. ఎనిమిది మడతలు, అంచుకు అంచు కలిపి. రెండేళ్లలో మేస్త్రి ఏ గుడ్డనూ మడవడం నేను చూడలేదు. ఉండలాగా చుట్టి మూలకు విసిరేవాడు. అట్లా మడత పెట్టేది మా ఇంట్లో ఒక్కరే. గుడి నుంచి వచ్చాక ఉత్తరీయాన్ని ఎనిమిది మడతలు పెట్టి గూట్లో పెట్టే మనిషి.

ఎందుకు తీశాడో నాకు అర్థమైంది. అది మనిషి కట్టి విడిచిన లుంగీ. అందులోనూ గేటు అవతల నిలబెట్టిన మనిషిది. దాన్ని కప్పి ఉంచి దాని మీద అక్షతలు వేయడం ఆయనకు చేతకాదు. పూజ చేసే వస్తువు మీద మైల గుడ్డ ఉండకూడదని తీశాడు. మర్యాదగా మడిచి పక్కన పెట్టాడు. చేటు చేయాలని చేయలేదు. ఆ సంగతి నాకు ఆ రోజే తెలుసు. నా కోపం గుడ్డ తీసినందుకు కాదు.

ఆ సాయంత్రమే గింజల్ని నాయన పాత పొడుం డబ్బాలో వేసుకుని వెళ్లి అన్నకు చూపించాను.

“అక్షతలు ఏసినాను. ఎవురైనా ఏస్తారు” అన్నాడు. “నోరు తెరిచి పెట్టింది ఎవురు? వాడు గుడ్డ కట్టలేదు.”

“కట్టినాడన్నా. నేను చూసినా.”

“నేను పోయినప్పుడు లేదు.”

“కిటికీలో మడత పెట్టింది ఎవరన్నా? గోడ మీద గీత?”

“గీత తుడిచేది మరిచిపోయి ఉంటాడు. నాకు గుడికి టైమయింది” అని లేచి వెళ్లిపోయాడు.

నాయన దగ్గరికి వెళ్లాను. ఆయన ఎడమ చేత్తో డబ్బా తీసుకుని, గింజల్ని చాలాసేపు చూసి, మూత పెట్టి నా చేతిలో పెట్టాడు. “దేవుడి అక్షతలురా అవి. వాటి మీద నేరం మోపొద్దు” అన్నాడు. గింజల మీద ఎవరు మోపారు నేరం? నేను అడిగింది ఒకటి, ఆయన చెప్పింది ఒకటి. పెద్ద కొడుకును కాపాడుకున్నాడు. ఆ తర్వాత నాలుగేళ్లు బతికాడు కానీ ఆ ప్రస్తావన మళ్లీ రానివ్వలేదు.

రైలు స్ప్రింగు మాట మాత్రం పాసింజరు బండి ఎక్కి నాకంటే ముందే పాకాల చేరింది. టాక్సీలవాళ్లు మేస్త్రికి బండ్లు ఇవ్వడం మానుకున్నారు. స్టేషను బయట టీ అంగట్లో, “మేస్త్రీ, నా సైకిలుకు రైలు స్ప్రింగు ఏస్తావా, తొందరగా ఇల్లు చేరాల” అని ఎగతాళి. ఇది నా ఎదురుగా జరిగింది. అన్నవాడి చొక్కా పట్టుకున్నాను. మేస్త్రే విడిపించాడు.

బండిని మళ్లీ బాగుచేసుకున్నాను. ఈసారి ఒక్కణ్నే. గోడ మీద గీతలు గీసుకుంటూ, తుడుచుకుంటూ, ఏడాది పట్టింది. అదే హెడ్డు, అవే గరాటాలు, అదే స్ప్రింగు. పలమనేరు దాకా ఘాటు రోడ్డు ఎక్కి, కోళ్ల గూడు కట్టించుకున్న రైతుకు చూపించి వచ్చాను. ఈనాటికీ ఆ స్ప్రింగు మార్చలేదు. ఇంతకంటే రుజువు ఏం కావాలి? కానీ కంకర కుప్ప ఎక్కిన రోజు చూసినవాళ్లే ఉన్నారు, ఘాటు ఎక్కిన రోజు చూసినవాళ్లు లేరు.

అన్న చిత్తూరుకు బదిలీ అయ్యాక ఐదు ఉత్తరాలు రాశాను. ఒక్క జవాబు వచ్చింది. అందులో ఊరగాయ చేరిందని, కొంచెం ఉప్పు ఎక్కువైందని ఉంది. నాయన తద్దినం రోజున అందరూ విస్తళ్ల ముందు కూర్చున్నప్పుడు నేరుగా అడిగాను: “అన్నా, ఆ గుడ్డ తీసింది నువ్వా, కాదా?” ఆయన వంటింటి వైపు తిరిగి, “ఏమ్మా, చారు తీసుకురండి” అన్నాడు. బంధువులంతా తలలు వంచుకుని చారు కలుపుకున్నారు. నేను విస్తరి ముందు నుంచి లేచాను. తద్దినం నాడు లేచినవాడని ఇప్పుడు నాకు ఇంకో పేరు.

పోయిన వేసవిలో కాట్పాడి వెళ్లాను. మేస్త్రి రిటైరై అక్కడ కూతురి ఇంట్లో ఉంటున్నాడు. చూపు బాగా తగ్గింది. గొంతు పట్టి నన్ను గుర్తుపట్టి, “బండి ఎట్లుండాది సామీ?” అన్నాడు, నేను ఎట్లున్నానని అడగకుండానే. నీళ్లు ఇచ్చారు. తాగి, గ్లాసు నేనే కడిగి పెట్టబోతే ఆయన కూతురు లాక్కుంది. నాకు సిగ్గేసింది.

గింజలు, గీత, మడత, అన్నీ మొదటి నుంచి మళ్లీ చెప్పాను. ఇదివరకు చెప్పినవే. ఆయన ఓపికగా విన్నాడు.

“సామీ, ఒక మాట చెప్తా, ఏమనుకోవద్దండి. గుడ్డ కట్టినానా లేదా అని నాకే అనుమానం పుట్టుకొచ్చింది. పదేండ్లాయె. పొడుకుంటే ఆ గరాటాలు కండ్ల ముందర కనపడతాయి. ఒక దినం గుడ్డ ఉంటాది, ఒక దినం ఉండదు.”

“నేను చూసినా కదా మేస్త్రీ. నువ్వు కట్టినావు.”

“మీరు సెప్తే నా మీద అభిమానంతో సెప్పినట్లే ఉంటాది. తీసినాయన సెప్పాల.”

మతిని కాదు, గోడను నమ్మాలన్న మనిషి, ఇప్పుడు తన మతినీ నమ్మలేడు, గోడనూ చూడలేడు. ఇది రాయడానికి కారణం వార్షికోత్సవ సంచిక కాదు. ఇదీ కారణం.

అన్నా, ఈ కాగితాలు నీకు రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. సంతకం పెట్టి తీసుకోవాలి కనుక చేరలేదని అనలేవు. వీటితో పాటు ఒక పోస్టుకార్డు ఉంది. దాని మీద కాట్పాడి చిరునామా నేనే రాసిపెట్టాను. నాకు జవాబు రాయొద్దు. నాకు క్షమాపణలూ అక్కర్లేదు, నేను తద్దినం నాడు లేచినందుకు నిన్ను కూడా క్షమించమనను. పూజ కోసం తీశానని రాయి, మంచికే తీశానని రాయి, నీ ఇష్టం. ఆ కార్డు ఆయన కూతురు చదివి వినిపిస్తుంది. ఆయన చెవులు ఇంకా బాగానే పనిచేస్తున్నాయి. ఎన్నాళ్లు పనిచేస్తాయో నాకు తెలియదు, నీకూ తెలియదు.

ఆ గురువారం పొద్దున, నేను నాయన కోసం లోపలికి వెళ్లినప్పుడు, గరాటాల మీద గుడ్డ ఉండిందా, లేదా? ఉండింటే తీసింది ఎవరు? చారు సంగతి తర్వాత. దీనికి చెప్పు.